చెరువులో మరబోటు: వినోదానికి ముందు తెలియవలసిన నియమాలు

మరబోటు వెనుక లేచే అలపై పలకనెక్కి సాగే జలక్రీడను వేక్‌సర్ఫింగ్ అంటారు. ఇందుకై తయారైన బోటు తన తొట్లలో నీరు నింపుకొని బరువెక్కి, వెనుకభాగం నీటిలో దిగబడేటట్లు నడుస్తుంది. అందుచేత లేచే అల సాధారణ బోటు అలకంటె పెద్దది. ఆ తాకిడికి ఒడ్డు కోసుకుపోతుంది. లోతు తక్కువైనచోట అడుగునున్న ఒండ్రు పైకి లేస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2024లో దీనికి హద్దులు విధించినది: ఒడ్డునుండి 500 అడుగుల దూరం, 20 అడుగుల లోతు గల నీరు ఒకేచోట కనీసం 50 ఎకరాలు ఉండవలెను.

తిరువళ్ళూరు సమీపాన గల పూండి జలాశయానికి గరిష్ఠ నీటిమట్టం 35 అడుగులు. వేసవిలో మట్టం ఎంతో దిగిపోతుంది. కొసస్థలై నదిపై 1944లో నిర్మించిన ఈ జలాశయానికి కండలేరు నుండి కాలువ ద్వారా కృష్ణా జలాలు కూడా చేరుతాయి. చెన్నై నగరం త్రాగే నీటిలో ఇదీ ఒక భాగం. కనుక ఇందులో ఒండ్రు కలగినా, ఇంజను నూనె కారినా, ఆ నష్టం మన కుళాయి వరకు వస్తుంది. జలాశయం రాష్ట్ర జలవనరుల శాఖ అధీనంలో ఉన్నది. అనుమతి లేనిదే ఎవ్వరూ పడవ దింపరాదు.

అంతర్దేశీయ జలాలలో యంత్రంతో నడిచే విహార పడవలకు 2021 నాటి కేంద్ర అంతర్దేశీయ నౌకల చట్టం వర్తిస్తుంది. పడవకు తనిఖీ ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్, బీమా ఉండవలెను. నడిపేవారికి అర్హతాపత్రం, ప్రయాణికులకు ప్రాణరక్షక సాధనాలు ఉండవలెను. తిరుత్తణి శరవణ పొయ్‌గైలో ఆడికృత్తికకు సాగే తెప్పకు యంత్రం లేదు. అది వేరు, విహారపు మరబోటు వేరు.

ఈ నియమాలు కాగితానికే పరిమితమైనవి కావు. 2011 డిసెంబరు 25న ఇదే జిల్లాలోని పులికాట్ వద్ద విహారయాత్రికుల పడవ తలక్రిందులై 22 మంది మరణించారు. ఆ పిమ్మట అక్కడ విహార పడవ ప్రయాణాన్ని నిషేధించారు. అయినను సెలవుదినాలలో పిల్లలు కోరారని చేపల పడవవారిని బతిమాలి ఎక్కేవారు ఉన్నారు. అది ఎక్కినవారికీ, ఎక్కించినవారికీ ప్రమాదమే.

పడవ ఎక్కేముందు మూడు సంగతులు చూడవలెను: పడవపై రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నదా, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఇచ్చారా, అనుమతించిన సంఖ్యకు మించి ఎక్కించుచున్నారా. వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకున్నను ఒడ్డుననే నిలిచిపోవుట మేలు. ఆపద కలిగినచో 112కు గాని 108కు గాని ఫోన్ చేయవలెను.