రోమము లేని శునకము – ఈడుకు తగిన సంరక్షణ

శ్రీకాకుళము, విజయనగరము పట్టణములలో ఏ వీధిలో నడచినను, వెంట్రుకలూడి, చర్మము పొలుసులు కట్టి, ఎడతెగక గోకుకొనుచుండు కుక్కపిల్ల ఒకటి మన కంటబడును. దానిని మనము గజ్జికుక్క అని రాయి విసరి తరుముదుము. ఆ మాటను తిట్టుగా కూడ వాడుచున్నాము. భూగోళమునకు ఆవలి వైపున మెక్సికో దేశమున, ఒంటిమీద వెంట్రుకలే లేని కుక్కను ముచ్చటపడి పెంచుకొందురు. ఆ దేశపు ప్రసిద్ధ చిత్రకారులు డియేగో రివేరా, ఫ్రీడా కాహ్లో దంపతులు ఇట్టి కుక్కలను తమ యింట పెంచిరి. ఒకచోట ఏవగింపు, మరియొకచోట ఆదరము! మొదటి దాని బోడితనము రోగము. రెండవ దానిది జన్మలక్షణము. ఈ భేదమును గుర్తించుటయు, కుక్క ఈడును బట్టి దానిని పోషించుటయు ఎట్లో ఈ వ్యాసమున పరిశీలింతము.

మెక్సికో జాతి పేరు షోలోఇట్జ్‌క్వింట్లి. షోలోటల్ అను దేవుని పేరును, కుక్క అను అర్థముగల అజ్‌టెక్కుల మాటను కలిపి చేసిన పదమిది. ఈ జాతియందే పెద్దవి, మధ్యరకము, చిన్నవి అని మూడు పరిమాణములు కలవు. పెరూ దేశమునందును రోమరహిత జాతి ఒకటి కలదు. చైనీస్ క్రెస్టెడ్ అను చిన్న జాతి బరువు సాధారణముగా ఐదారు కిలోలకు మించదు. దానికి తలమీద, తోకమీద, పాదములమీద మాత్రమే జుట్టు ఉండును. ఈ మూడు జాతుల బోడితనమునకు ఫాక్స్ఐ3 అను ఒకే జన్యువులోని మార్పు కారణమని 2008లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. తల్లి నుండియు తండ్రి నుండియు కూడ ఆ మార్పు సంక్రమించిన పిండము పుట్టకముందే నశించును. కావుననే ఒకే ఈతలో బోడిపిల్లలతో పాటు బొచ్చుపిల్లలును పుట్టుచుండును. ఈ జాతులకు పండ్లు కొన్ని పుట్టుకతోనే లోపించును. రోమమునకును దంతములకును గల ఈ సంబంధమును డార్విన్ 1859 నాటి తన గ్రంథముననే గుర్తించెను.

ఇక మన వీధికుక్క సంగతి. దాని వెంట్రుకలు ఊడుటకు తరచుగా కారణము కంటికి కనబడని చిన్న పురుగులు. ఒక రకము చెవుల అంచులను, మోచేతులను ఆశ్రయించి విపరీతమైన దురద కలిగించును. ఇతర కుక్కలకు వ్యాపించును. తాకినవారికి కూడ కొన్నాళ్లు దురద పుట్టింపగలదు. రెండవ రకము పాలుత్రాగు దినములలో తల్లి నుండి పిల్లకు చేరును. అది ముఖముమీద చిన్న మచ్చలుగా బయలుదేరి, పిల్ల బలముగా ఉన్నయెడల తరచు తానే మానును. ఈ రెంటికిని నేడు మంచి మందులు కలవు. కాని కాలిన ఇంజను నూనె, కిరోసిను పూయుట మన వైపున ఇంకను కనబడుచున్న దురాచారము. చర్మము కాలుటయే గాక, కుక్క దానిని నాకి విషప్రభావమునకు లోనగును. మందు మోతాదును పశువైద్యుడే నిర్ణయింపవలెను. పశువుల ఆసుపత్రులకు తోడు విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలయే ఉన్నది.

పుట్టిన పిల్లకు పది పదునాలుగు దినములకు గాని కన్నులు తెరచుకొనవు. తన ఒంటి వేడిని తాను నిలుపుకొను శక్తియు దానికి అప్పటికి రాదు. మన పుష్యమాసపు చలిలో, అందునను బోడిపిల్లకు, పొడి గోనెసంచియు తల్లి ఒడియు ప్రాణాధారములు. ఎనిమిది వారములు నిండక తల్లి నుండి వేరుచేయరాదు. కుక్కపాలలో ఉన్నంత కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో లేవు; అవి పట్టినచో పిల్లకు విరేచనములు కావచ్చును. ఏలికపాములకు మందు రెండవ వారము నుండియే ప్రారంభింపవలెను. పార్వో, డిస్టెంపర్ వ్యాధుల టీకాలు ఆరు ఎనిమిది వారముల వయసున మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండువరకు విడతలుగా వేయింపవలెను. మూడవ నెలలో రేబిస్ టీకా తప్పనిసరి; ఏడాదికి మరల వేయింపవలెను.

యౌవనమున ఆహారము, చర్మము, ఎండ అను మూడింటిని గమనింపవలెను. చోడి అంబలి, గంజియన్నము కడుపు నింపునే గాని కండ పెట్టవు. ఉడికించిన గ్రుడ్డో, ముల్లు తీసిన చేపయో కలుపవలెను. ఉప్పుచేప పనికిరాదు. మన కూరలలోని ఉల్లిపాయ కుక్క రక్తకణములను నాశనము చేయును. విందులలో మిగిలిన బిరియానీ ఎముకలు పదునుగా చిట్లి ప్రేగులను చీల్చగలవు. బోడికుక్కకు వెంట్రుకల చాటు లేనందున, లేతరంగు చర్మము ఎండకు మాడును. ప్రేమతో దట్టముగా కొబ్బరినూనె పట్టించినచో చర్మరంధ్రములు మూసికొని మొటిమలు లేచును. మితముగా స్నానము చేయించి, పొడిగా తుడుచుట మేలు.

కుక్క మనవలె ఒంటినిండ చెమట పట్టించుకొనలేదు. వగర్చుటయే దానికి చల్లబడు మార్గము. గాలిలో తేమ హెచ్చుగా ఉన్నప్పుడు నాలుకమీది తడి ఆరదు. కావున మన సముద్రతీరపు ఎండకాలము, ఎండ తీవ్రత కంటె ఉక్క వలననే దానికి ప్రమాదకరము. రోహిణి కార్తెలో నడక ఉదయము, సాయంకాలము మాత్రమే సాగవలెను. నీడయు నీరును ఎల్లవేళల ఉండవలెను.

ఎనిమిదేండ్లు దాటిన పిదప వార్ధక్య లక్షణములు పొడసూపును. బోడిజాతులకు మొదటినుండియు పండ్లు తక్కువ గనుక అన్నమును మెత్తగా కలిపి పెట్టవలెను. చూపు మందగించిన కుక్క ఇంటిని జ్ఞాపకముతోనే తెలిసికొనును. దాని పడకను, నీటిగిన్నెను చోటు మార్చరాదు. చర్మముమీద క్రొత్తగా లేచిన గడ్డను, నీరు ఎక్కువగా త్రాగుటను, బరువు తగ్గుటను ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను.

కుక్క సంరక్షణ మన బిడ్డల సంరక్షణయు అగును. ప్రపంచమున రేబిస్ మరణములలో నూటికి ముప్పదియారు భారతదేశములోనివే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కరచిన చోట కారమో, సున్నమో పూయుట ప్రాణాంతకమగు జాగు. వెంటనే గాయమును సబ్బుతో, పారుచున్న నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పెద్దలు భయపెట్టెడి పాత టీకా మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. నేటి టీకాను కొద్ది విడతలుగా చేతికి వేయుదురు. ఆ పాత భయముతో ఆసుపత్రికి పోకుండుట తగదు. లక్షణములు బయటపడిన పిదప ఈ వ్యాధికి చికిత్స దాదాపు లేదు.

ముస్లిముల ఇండ్లలో కుక్కను గదులలోనికి రానీయని ఆచారము కలదు. అయినను దప్పిగొన్న కుక్కకు బావినీరు తోడి త్రాగించిన వాని పాపములు క్షమింపబడెనని హదీసులలో ప్రసిద్ధమైన గాథ ఉన్నది. తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లని ధర్మరాజు కథ ఆంధ్రులందరికిని తెలిసినదే. పెరటిలో ఉంచినను, వీధిలో ఉన్నను, దానికి గుక్కెడు నీరు పోయుటకు ఏ ఆచారమును అడ్డు రాదు.

పుట్టుకతో లేని రోమము ఎన్నటికిని రాదు. రోగముచే ఊడినది చికిత్స జరిగిన కొన్ని వారములకు మరల మొలచుట ఆరంభించును. మన వీధిలోని గజ్జికుక్క చాలవరకు ఈ రెండవ తెగకు చెందినదే. దానికి కావలసినది రాయి కాదు, పశువుల ఆసుపత్రికి దారి.