నోట్లో తెల్లమచ్చ

నారాయణఖేడ్‌లో ఒక ఇల్లు ఊహించుకోండి. రాత్రి భోజనానికి కూర్చున్న మామగారు, కూరలో కారం నాలుకకు తగలగానే కంచం పక్కకు నెట్టేశారు.

"ఏమైంది మామా?" అని అడిగింది కోడలు.

"ఏం లేదు బిడ్డా. సున్నం ఎక్కువై నోరు పొక్కింది. అదే పోతది."

బీదరు సరిహద్దుకు దగ్గరగా ఉన్న యీ ఊళ్లోనే కాదు, తెలుగునాట ఏ మూలకు వెళ్లినా యీ మాట వినిపిస్తూనే ఉంటుంది. సున్నానికి పొక్కిన నోరు సాధారణంగా కొద్ది రోజుల్లో మానుతుంది. రెండు వారాలైనా మానకపోతే? ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో మన తెలుగు వైద్యులూ ఉన్నారు. ఆ కథ ప్రతి ఇంటివారూ తెలుసుకోదగినది.

మన పెద్దలు రాచపుండు అన్న జబ్బునే నేటి డాక్టర్లు కాన్సర్ అంటున్నారు. నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక మొదలైన చోట్ల పుట్టేవాటిని కలిపి తల, మెడ కాన్సర్లని వ్యవహరిస్తారు. వీటికి ముఖ్య కారణాలు పొగాకు, వక్క, మద్యం. పొగాకు కలపని వట్టి వక్క సైతం కాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. "నేను జర్దా వేసుకోను, ఉత్త వక్కేగదా" అనుకునేవారు యీ సంగతి గమనించాలి.

నిప్పు లోపల!

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో అడ్డపొగ అనే అలవాటు ఉన్నది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. ముఖ్యంగా పల్లెల్లో కష్టపడి పనిచేసే స్త్రీలకు యీ అలవాటు. గాలికి చుట్ట ఆరిపోదు. చంకలో పిల్లవాడిమీద నిప్పురవ్వ పడదు. సదుపాయం బాగానే ఉన్నది. కాని ఆ వేడీ, ఆ పొగా తిన్నగా అంగిటికి తగులుతాయి.

ఇతర ప్రాంతాల్లో అంగిట్లో కాన్సర్ పుట్టడం అరుదు. ఇక్కడ మాత్రం తరచుగా కనిపిస్తున్నది. అడ్డపొగకూ దీనికీ సంబంధమున్నదని కిని, సుబ్బారావు అనే వైద్యులు 1937లోనే రాశారు. 1957లో డి. గోవిందరెడ్డి, వి. కె. రావులు కోస్తా ఆంధ్రలోని అంగిటి కాన్సరును గురించి మళ్లీ వ్యాసం ప్రకటించారు.

తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1966లో పల్లెలకు బయలుదేరారు. ఫాలీ మెహతా, డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్ దీనికి నాయకులు. వారి బృందాలు ఇంటింటికీ వెళ్లి, అయిదు జిల్లాల్లో యాభైవేలకు పైగా జనం నోళ్లు పరీక్షించాయి. అందులో శ్రీకాకుళం ఒకటి. కాన్సర్ ఒక్కరోజులో పుట్టేది కాదనీ, చాలాసార్లు ముందుగా తెల్లమచ్చగానో ఎర్రమచ్చగానో హెచ్చరిక చేస్తుందనీ ఇటువంటి పరిశోధనలవల్లనే స్పష్టమైంది.

మానితే మానుతుందా?

తెలిసి ఏమి లాభం, అలవాటు మానగలరా? ఇదీ పరీక్షించి చూశారు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకువాడకందార్లకు నచ్చజెప్పి, ఏటేటా నోరు పరీక్షించారు. పొగాకు మానినవారిలో కొత్తగా మచ్చలు పుట్టడం బాగా తగ్గిపోయింది. ఎన్నేళ్ల అలవాటైనా సరే, మానడం వృథా పోదన్నమాట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మరో దారి తొక్కింది. అడ్డపొగ తాగేవారికి ఏడాదిపాటు విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి చూసింది. 1995లో ప్రకటించిన ఫలితం ప్రకారం, మందు పుచ్చుకున్నవారిలో నూటికి 57 మందికి మచ్చలు పూర్తిగా పోయాయి. ఉత్తుత్తి మాత్రలు పుచ్చుకున్నవారిలో 8 మందికే పోయాయి. అలాగని మాత్ర మింగుతూ చుట్ట తాగవచ్చునని అర్థం కాదు. ఫిన్లండులో పొగతాగేవారికి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల కాన్సర్ పెరిగిందని 1994లో తేలింది!

ఒక టార్చిలైటు

అన్నిటికన్నా ఆశ్చర్యమైన పాఠం తిరువనంతపురంనుంచి వచ్చింది. అక్కడ శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, వెలుతురులో నోరు తెరిపించి కళ్లతో చూశారు. అంతే! పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయని 2005లో ప్రకటించారు.

చికిత్స కూడా ముందుకు సాగింది. తొలిదశ నోటి కాన్సరుకు ఆపరేషను చేసేటప్పుడే మెడలోని గ్రంథులను కూడా తీసివేయడం మంచిదా, అవి వాచేదాకా ఆగడం మంచిదా అన్న చర్చ చాలాకాలం సాగింది. ముంబయి టాటా స్మారక ఆసుపత్రివారు 2015లో దీన్ని తేల్చారు. ముందే తీసినవారిలో మూడేళ్లకు నూటికి 80 మంది జీవించి ఉండగా, ఆగినవారిలో 67 మందే మిగిలారు.

ముదిరిన రోగులకోసం అదే ఆసుపత్రి 2023లో మరొక ఫలితం ప్రకటించింది. చవకైన మందులకు నివోలుమాబ్ అనే ఖరీదైన మందును, మామూలు మోతాదులో పదోవంతుకన్నా తక్కువగా కలిపారు. ఏడాది జీవించినవారు నూటికి 16 నుంచి 43కు పెరిగారు. ఆ చవక మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో దానిని రూపొందించిన బృందానికి నాయకుడు ఎవరనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే!

అయితే ఎంత గొప్ప మందైనా, ముందుగా చూపించుకున్నవారికి చేసినంత మేలు ఆలస్యం చేసినవారికి చేయలేదు. రెండు వారాలకు మానని పుండు, తుడిచినా పోని తెల్లమచ్చ లేక ఎర్రమచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ, తగ్గని గొంతు బొంగురు, మింగలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు. అందరిదీ కాన్సర్ కాకపోవచ్చు. చాలామందిది కాదు కూడా. ఆ సంగతి చెప్పవలసింది డాక్టరుగాని మనం కాదు. దగ్గరి సర్కారు దవాఖానలో చూపించుకోవచ్చు. పెద్ద వైద్యం అవసరమైతే హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే.

ఇక మన నారాయణఖేడ్ ఇంటికి వద్దాం. కంచం అలాగే ఉన్నది. కోడలు గూట్లోని టార్చిలైటు తీసుకుని మామగారి ఎదుట కూర్చున్నది.

"మామా, ఒక్కసారి నోరు తెరువుండ్రి."

మీ ఇంట్లోనూ యీ మాట అనడానికి ఎవరో ఒకరు ఉండాలి. అది మీరే ఎందుకు కాకూడదు?