ఓడమీద వాలే విమానానికి కాళ్ళు ఎందుకంత గట్టివి?

విశాఖపట్నంలో చదువుకునే మనకు యుద్ధనౌకలు కొత్త కాదు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందే మునిగిపోయిందనీ, అది వెతుక్కుంటూ వచ్చింది విక్రాంత్ అనే విమానవాహక నౌక కోసమనీ, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయిందనీ ఇక్కడ చిన్నపిల్లలు సైతం చెబుతారు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు విరాట్, విక్రమాదిత్య రెండూ మన తీరానికి వచ్చాయి. ఓడల సంగతి సరే. వాటిమీద వాలే విమానాల సంగతి మాత్రం మనం అంతగా పట్టించుకోం. విమానం ఎక్కడ దిగినా విమానమే గదా, వైమానిక దళం దగ్గరున్న మంచి విమానాన్నే తెచ్చి ఓడమీద పెట్టుకోరాదా అని మన హాస్టల్లో వాదించే మిత్రులున్నారు. అలా కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే రెక్కలవైపు కాదు, చక్రాలవైపు చూడాలి.

మన ఐ.ఎన్.ఎస్. డేగా రన్‌వే పొడవు సుమారు 3 కిలోమీటర్లు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు. అందులో విమానం దిగడానికి దక్కేది కొంత భాగం మాత్రమే. నేలమీద దిగే పైలట్ ఆఖరి క్షణంలో విమానం ముక్కు కాస్త పైకెత్తుతాడు. వరిచేలో కొంగ వాలినట్టు విమానం మెల్లగా నేలను తాకుతుంది. ఓడమీద ఆ వయ్యారానికి చోటు లేదు. డెక్కుకు అడ్డంగా మూడు ఉక్కు తాళ్ళు కట్టి ఉంటాయి. విమానం తోక కింద వేలాడే కొక్కెం వాటిలో ఒకదాన్ని పట్టుకోవాలి. మెల్లగా దిగుదామని ముక్కు పైకెత్తితే, తేలుకుంటూ తాళ్ళన్నీ దాటిపోతుంది. కనుక పైలట్ సుమారు మూడున్నర డిగ్రీల వాలులో వచ్చి, ఆ వాలులోనే తిన్నగా డెక్కును గుద్దుతాడు. అంతేకాదు, చక్రాలు తాకగానే ఇంజన్లు తగ్గించడానికి బదులు పూర్తి బలానికి పెంచుతాడు. తాడు చిక్కకపోతే మళ్ళీ ఎగిరిపోవాలి గదా.

గంటకు 250 కిలోమీటర్ల వేగంతో ఆ వాలులో వస్తే కిందికి దిగే వేగం సెకనుకు నాలుగు మీటర్ల పైచిలుకు. అదే క్షణంలో కెరటం డెక్కును పైకెత్తితే ఆ వేగం కూడా కలుస్తుంది. అందుచేత ఓడ విమానాల చక్రాలను సెకనుకు సుమారు 7 మీటర్ల వేగానికి తట్టుకునేలా రూపొందిస్తారు. నేల విమానాలకు 3 మీటర్లు చాలు.

మూడుకీ ఏడుకీ పెద్ద తేడా ఏముందని అనిపించవచ్చు. కాని గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని మనం ఇంటర్‌లోనే చదివాం. 9కీ 49కీ ఉన్న తేడా ఇది. అంటే దాదాపు అయిదున్నర రెట్లు. ఇంకోలా చూద్దాం. ఒక వస్తువు ఎంత ఎత్తునుంచి పడితే ఆ వేగం వస్తుంది? వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే, 3 మీటర్ల వేగానికి 46 సెంటీమీటర్లు, 7 మీటర్ల వేగానికి 2.5 మీటర్లు వస్తాయి. మొదటిది గట్టు మీంచి మడిలోకి దూకడం, రెండవది ఇంటి చూరు మీంచి రాతి అరుగు మీదికి దూకడం.

మా ఊళ్ళో చెరకు బండి తోలే ఎవరినడిగినా ఒక మాట చెబుతారు. బండి నిండా చెరకెత్తి నిలబెడితే ఇరుసు విరగదు. చక్రం గోతిలో పడినప్పుడే విరుగుతుంది. బరువు అదే. అది ఆగడానికి దొరికిన దూరం తక్కువ కావడమే తేడా. విమానం విషయంలోనూ అంతే. 15 టన్నుల విమానం 7 మీటర్ల వేగంతో దిగి, దాని కాళ్ళు 40 సెంటీమీటర్లు కుంగేలోగా ఆగిందనుకుందాం. సగటు తాకిడి 94 టన్నుల బరువుకు సమానం. ప్రధానమైన రెండు కాళ్ళూ చెరిసగం మోస్తే ఒక్కో కాలి మీద 47 టన్నులు. 3 మీటర్ల వేగమైతే మొత్తం కలిపి 17 టన్నులే. తాకిడి తగ్గాలంటే కాలు ఎక్కువ దూరం కుంగాలి, కనుక పొడవు పెరగాలి. పొడవైన కాలు విరగకుండా ఉండాలంటే లావు పెరగాలి. బరువు అక్కడే మొదలవుతుంది.

ఆ కాలు లోపల స్ప్రింగు పెడితే పని జరగదు. స్ప్రింగు తాను మింగిన శక్తిని వెంటనే తిరిగి కక్కుతుంది. విమానం బంతిలా ఎగిరిందంటే కొక్కెం తాడు మీంచి దాటిపోతుంది. అందుకని కాలిలో నూనె, నైట్రోజన్ వాయువు నింపుతారు. పిస్టన్ కిందినుంచి వచ్చే దెబ్బకు నూనె సన్నని రంధ్రం గుండా దూరిపోవాలి. మందు కొట్టే చేతిపంపును నెమ్మదిగా నొక్కితే సులువుగా దిగుతుంది, ఒక్కసారిగా నొక్కితే మొరాయిస్తుంది. ఇదీ అదే సూత్రం. శక్తిలో ఎక్కువ భాగం నూనెలో వేడిగా మారిపోతుంది. కాలు తిరిగి పైకి లేవడానికి వాయువు పనికొస్తుంది. ఇలా తయారైన కాళ్ళను విమానానికి బిగించకముందే, బరువు కట్టి నిజంగానే ఎత్తునుంచి జారవిడిచి పరీక్షిస్తారు.

ఇక ఉక్కు. మన స్టీల్ ప్లాంటులో తయారై ఇళ్ళ స్లాబుల్లోకి వెళ్ళే ఎఫ్.ఇ. 500 కడ్డీ చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల వరకు శాశ్వతంగా సాగిపోకుండా నిలుస్తుంది. పశ్చిమ దేశాల విమానాల కాళ్ళకు ఎక్కువగా వాడే 300ఎం అనే ఉక్కు సుమారు 1,600 న్యూటన్ల దాకా నిలుస్తుంది. నికెల్, క్రోమియం, సిలికాన్, మాలిబ్డినం, వెనేడియం కలిపి, శూన్యంలో మళ్ళీ కరిగించి శుద్ధి చేస్తారు. అయితే ఇంత బలమైన ఉక్కుకు ఒక పెంకితనం ఉంది. మెత్తని ఇనుము తుప్పు పట్టినా వంగుతుంది, ముందే తెలుస్తుంది. ఇది ఉప్పుగాలికి పైపూత చెదిరిన చోట, కంటికి కనబడని పగులు పట్టి, హైడ్రోజన్ లోపలికి చేరి, ఒకనాడు చెప్పకుండా పుటుక్కుమంటుంది. సముద్రం వైపు కిటికీ ఊచలు ఏడాదికే ఏమవుతాయో మనకు తెలుసు. ఓడమీద విమానానికి రోజూ ఆ గాలే. కాబట్టి పూతలు, మంచినీటి కడుగుడు, తరచు తనిఖీలు తప్పవు.

కాళ్ళ తరువాత కొక్కెం. తాడు పట్టుకున్నాక విమానం సుమారు 90 మీటర్లలో ఆగాలి. ఆ లాగుడంతా తోక దగ్గర ఒక్కచోట పడుతుంది. అది తోక ఊడబెరకకుండా విమానం వెన్నెముక పొడవునా బలం కూర్చాలి. ఓడ చివర వంపు తిరిగిన స్కీ-జంప్ ఎక్కేటప్పుడు కూడా చక్రాలు ఒత్తిడికి గురవుతాయి. ఆవిరి కాటపుల్టుతో విసిరే ఓడలైతే ముందు చక్రం కాలే విమానాన్నంతటినీ లాగాలి. రెక్కలు మడిచే కీళ్ళు మరికొంత బరువు.

మన బీచ్ రోడ్డులో ప్రదర్శనకు ఉంచిన టి.యు. 142, సీ హారియర్ విమానాలను ఈ దృష్టితో చూడండి. రెండూ నౌకాదళానివే. టి.యు. 142 నిండు బరువు 185 టన్నులదాకా ఉంటుంది, కాని పొడవైన రన్‌వేమీదే దిగుతుంది, ఓడతో దానికి పనిలేదు. సీ హారియర్ ఓడదే అయినా తాళ్ళతో పనిలేకుండా నిట్టనిలువుగా దిగేది. అందుకే పొట్ట కింద ముందొకటి, వెనకొకటి చక్రాల కాళ్ళు, రెక్కల కింద సన్నని చిన్న కాళ్ళు కనిపిస్తాయి. కొక్కెం ఉండదు. 2016 మేలో అది విశ్రాంతి తీసుకున్నాక మన ఓడలమీద మిగ్-29కె లు మిగిలాయి.

సొంత విమానం కోసం మనవాళ్ళు చేసిన ప్రయత్నమే ఈ కథలో ముఖ్యమైన ఘట్టం. వైమానిక దళం కోసం పుట్టిన తేజస్‌నే ఓడకు తగ్గట్టు మార్చారు. నౌకాదళ తేజస్ మొదట ఎగిరింది 2012 ఏప్రిల్ 27న. కాళ్ళు మార్చారు, కొక్కెం పెట్టారు, తక్కువ వేగంలో నిలదొక్కుకోవడానికి రెక్కల మొదట్లో కదిలే పలకలు చేర్చారు. ఒక్క ఇంజన్ విమానానికి ఇదంతా భారమైంది. అది బరువెక్కువనీ, నిండు ఆయుధాలతో ఓడమీంచి ఎగరలేదనీ 2016 డిసెంబరులో నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా బహిరంగంగానే చెప్పారు. ప్రయోగాలు మాత్రం ఆపలేదు. 2020 జనవరి 11న కమడోర్ జైదీప్ మావ్లంకర్ ఆ విమానాన్ని విక్రమాదిత్య మీద దింపారు, మరునాడు స్కీ-జంప్ మీంచి ఎగిరించారు. దాన్ని వైఫల్యమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. చూరంత ఎత్తునుంచి పడి నిలబడే కాళ్ళను మనవాళ్ళు తయారుచేసి, సముద్రం మధ్యలో రుజువు చేశారు. చిక్కల్లా, నేలకోసం గీసిన బొమ్మకు తరువాత ఆ కాళ్ళు అతికించడంలో వచ్చింది.

2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం ఫ్రాన్సు నుంచి 26 రఫేల్-మెరైన్ విమానాల కొనుగోలుకు ఒప్పందం చేసుకుంది. ఫ్రెంచివాళ్ళు నేల రకాన్నీ ఓడ రకాన్నీ మొదటినుంచీ కలిపే ఆలోచించారు కనుక, ఓడ రకం బరువు అయిదారు వందల కిలోలు మాత్రమే పెరిగింది. అందులో పెద్ద వాటా చక్రాల కాళ్ళదే. మనవాళ్ళు ఇప్పుడు రూపకల్పన చేస్తున్న రెండు ఇంజన్ల విమానాన్ని మాత్రం మొదటి గీత నుంచీ ఓడకోసమే గీస్తున్నారు.