చక్రాల కుర్చీ – కుదుపు – సౌఖ్యము

తరగతి గది గుమ్మంలో 2 సెంటీమీటర్ల ఎత్తున్న గడప నడిచి వెళ్ళేవారి దృష్టికే రాదు. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి మాత్రం అది పెద్ద అడ్డంకి. ముందున్న చిన్న చక్రాలు దానికి తగిలి టక్కున ఆగుతవి; జడత్వం వల్ల శరీరం ముందుకు తూలుతుంది. ఎవరైనా బలంగా తోస్తే కుర్చీ గడప ఎక్కి, ఆవలివైపు దభాలున దిగుతుంది. దినమంతా కుర్చీలోనే గడిపేవారికి ఇట్టి కుదుపులు నడుమునొప్పిని, అలసటను తెచ్చిపెడతవి. వానిని తగ్గించే మార్గాలు తెలుసుకొనటానికి హైస్కూలులో చదివే యంత్రశాస్త్రమే చాలును.

చిన్న చక్రము, పెద్ద చక్రము

ముందు చక్రం వ్యాసార్ధం 5 సెం.మీ. అనుకొందాము. గడప ఎత్తు 2 సెం.మీ. కనుక, ఇరుసు గడప అంచుకంటె 3 సెం.మీ. ఎత్తున ఉంటుంది. అంచునుండి ఇరుసుకు గీచిన రేఖ వ్యాసార్ధమే, అనగా 5 సెం.మీ. లంబకోణ త్రిభుజంలో కర్ణము 5, ఒక భుజము 3 ఐతే రెండవ భుజము 4. ఇప్పుడు గడప అంచు చుట్టూ భ్రామకాలు తీసుకొంటే, తోసే బలం × 3 = చక్రంపై భారం × 4 అవుతుంది. చక్రం మోసే భారం 12 కిలోగ్రాములైతే, దానిని మెల్లగా ఎక్కించటానికి 16 కిలోగ్రాముల భారమంత బలం కావాలన్నమాట.

వ్యాసార్ధం 10 సెం.మీ. ఉన్న చక్రం తీసుకొంటే త్రిభుజం భుజాలు 6, 8, 10 అవుతవి. అప్పుడు 9 కిలోగ్రాముల భారమంత బలం సరిపోతుంది. గడప అదే, మనిషి అతడే. చక్రం మారగానే శ్రమ దాదాపు సగమైనది. ఐతే పెద్ద చక్రం తిరగటానికి ఎక్కువ చోటు కావాలి. అది పాదాలకు తగలవచ్చును కూడా.

వెనుక చక్రాల ఇరుసును కొంచెం ముందుకు జరిపితే ముందు చక్రాలపై భారం తగ్గి, అడ్డంకులను దాటటం సులభమవుతుంది. కాని అతిగా జరిపితే కుర్చీ వెనుకకు తిరగబడే ప్రమాదమున్నది. అందుచేత ఈ మార్పు నిపుణుని ఎదుటనే చేయించాలి.

అన్నిటికంటె చవుకైన ఉపాయం గడప దగ్గరే ఉన్నది. ర్యాంపు వాలు 12 కు 1 కి మించరాదన్నది మన దేశంలో భవనాలకు సూచించిన కొలత. ఆ లెక్కన 2 సెం.మీ. గడపకు రెండువైపులా 24 సెం.మీ. పొడవున్న వాలుచెక్కను అమర్చితే చాలు. ఘర్షణను విడిచి లెక్కిస్తే, 12 కిలోగ్రాముల భారానికి కావలసిన బలం ఒక్క కిలోగ్రాము భారమంతే!

గాలి చేసే మేలు

స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ విలియం థామ్సన్ 1845 లోనే గాలి టైరుకు పేటెంటు పొందినాడు. అది ప్రచారంలోకి రాలేదు. 1887 లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండి కోసం గాలి టైరును తిరిగి రూపొందించినాడు. టైరులోని గాలి నొక్కుకొని చిన్న గతుకులను తనలోనే ఇముడ్చుకొంటుంది. గట్టి రబ్బరు టైరుకు పంక్చరు బెడద లేదు కాని, కుదుపు ఇరుసుదాకా వస్తుంది. గాలి మరీ తక్కువైతే టైరు నేలకు అణగిపోయి తోసే శ్రమ పెరుగుతుంది. మరీ ఎక్కువైతే గట్టి టైరుకూ దానికీ తేడా ఉండదు. కనుక టైరుమీద ముద్రించిన పీడనాన్ని పాటించటం మేలు.

మెత్తనిదంతా సుఖం కాదు

20 సెం.మీ. కొకటి చొప్పున అతుకులున్న ఇటుకల బాటపై, సెకనుకు 1 మీటరు వేగంతో కుర్చీ పోతున్నదనుకొందాము. సెకనుకు 5 కుదుపులు కలుగుతవి. కూర్చున్న మనిషిని నిలువు కంపనాలలో సెకనుకు సుమారు 4 నుండి 8 వరకు ఉన్నవే ఎక్కువగా బాధిస్తవి. కుదుపుల పౌనఃపున్యం సరిగా అందులోనే పడింది!

మెత్త వేస్తే సరిపోతుందా? స్ప్రింగు వలె పనిచేసే మెత్త, మనిషి కూర్చున్నప్పుడు 1 సెం.మీ. దిగితే, దాని సహజ పౌనఃపున్యం కూడా సెకనుకు సుమారు 5. రెండూ కలిసి అనునాదం ఏర్పడి ఊపు తగ్గకపోగా పెరుగుతుంది. అందుచేత మెత్తకు మెత్తదనంతోపాటు కంపనశక్తిని ఉష్ణంగా మార్చి అణచివేసే గుణం కూడా ఉండాలి. నొక్కి విడిచినప్పుడు ఎగిరిపడక, నెమ్మదిగా లేచే ఫోము ఇట్టిది. అతుకులు లేని నునుపు బాట ఐతే ఈ చిక్కే ఉండదు.

ఆసనము

1933 లో అమెరికాలో హ్యారీ జెన్నింగ్స్ అనే ఇంజనీరు, గని ప్రమాదంలో గాయపడిన తన మిత్రుడు హెర్బర్ట్ ఎవరెస్టు కోసం మడిచే కుర్చీని నిర్మించినాడు. ఇట్టి కుర్చీలు కారులో పట్టేందుకు వీలైనవే. కాని మడవటానికి అనువుగా గుడ్డవలె ఉండే ఆసనం కొంతకాలానికి ఉయ్యాలవలె జారుతుంది. తొడలు లోపలికి ఒరుగుతవి, నడుము వంగుతుంది. దానిపై గట్టి పలక పరచి, ఆపైన మెత్త వేయాలి.

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. గట్టి బల్లపై కూర్చుంటే పిరుదులలోని రెండు ఎముకల మొనలే భారంలో అధికభాగం మోస్తవి. వైశాల్యం కొద్ది కనుక పీడనం హెచ్చు. అది చాలసేపు నిలిస్తే అక్కడి సూక్ష్మరక్తనాళాలు మూసుకొనిపోయి, చర్మం, కండ దెబ్బతిని పుండు పడుతుంది. మనకు తిమ్మిరి పట్టగానే కదులుతాము. వెన్నుపాము దెబ్బతిని స్పర్శ పోయినవారికి ఆ హెచ్చరిక అందదు. మంచి మెత్త భారాన్ని ఎక్కువ వైశాల్యానికి పంచుతుంది. ఐనా అర్ధగంటకొకసారైనా ముందుకో ప్రక్కకో ఒరిగి భారం మార్చటం, రోజూ చర్మాన్ని పరీక్షించటం తప్పదు.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత పాఠశాలలోని గడపలన్నిటి ఎత్తు కొలిపించి, పై త్రిభుజం లెక్క చేయించవచ్చును. ఎక్కడ ఎంత పొడవు వాలుచెక్క కావాలో ఆ లెక్కే చెప్పుతుంది. ఇక మిగిలేది వడ్రంగి పని మాత్రమే.