రెండు దారాల గాలిపటం

సంక్రాంతి రోజుల్లో మాసబ్ ట్యాంక్‌లో ఏ మేడ ఎక్కి చూసినా ఆకాశం నిండా పతంగులే. 'అఫా!' అన్న కేక వినబడిందంటే ఎవరి పతంగో తెగిందన్నమాట. ఈ పేటకు పేరిచ్చిన 'మా సాహెబా' చెరువు ఇప్పుడు లేదు. ఆ చోట పార్కూ, ఇళ్ళూ వచ్చాయి. పతంగుల సరదా మాత్రం ఎక్కడికీ పోలేదు.

మన పతంగి ఎగరేసేవాడి విద్య అంతా రెండు మాటల్లో ఉంది. దారం వదలడం ఢీల్, లాగడం ఖేంచ్. అయితే ఒక్క దారంతో పతంగిని కుడికీ ఎడమకూ ఎలా తిప్పగలుగుతున్నాడు? ఎప్పుడైనా ఆలోచించారా?

ఒక పతంగిని చేతిలోకి తీసుకోండి. నిలువుగా ఒక పుల్ల, దానికి అడ్డంగా విల్లులా వంచిన సన్నని పుల్ల ఉంటాయి. ఆ విల్లునే కమాన్ అంటారు. దారం లాగితే గాలి తాకిడి ఎక్కువై రెండు రెక్కలూ వెనక్కి వంగుతాయి. అప్పుడు పతంగి అడుగు పడవ అడుగులా ఉబ్బుతుంది. దానికి నిలకడ వస్తుంది. ముక్కు ఎటుంటే అటు దూసుకుపోతుంది. దారం వదిలితే కమాన్ మళ్ళీ సాగుతుంది, కాగితం చదునవుతుంది, నిలకడ పోతుంది. పతంగి గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. ముక్కు కోరిన వైపుకు వచ్చిన క్షణంలో మళ్ళీ ఖేంచ్! అంతే సంగతి. ధూల్‌పేటలో పతంగులు కట్టేవారు కమాన్ పుల్లను గీకి, వంచి, మళ్ళీ గీకి చూసేది ఈ గుణం కోసమే.

2018 జనవరిలో సికింద్రాబాదు పరేడ్ మైదానంలో అంతర్జాతీయ గాలిపటాల పండుగ జరిగింది. అది చూసి వచ్చిన మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, "సార్, రెండు దారాలు కడితే ఇంత తిప్పలు ఉండదు కదా?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళానికి చెందిన పాల్ గార్బర్ ఇటువంటి పటాన్నే తయారు చేశాడు. దాని మీద విమానం బొమ్మ వేసి ఆకాశంలో అటూ ఇటూ పరుగెత్తిస్తుంటే ఓడల మీది సైనికులు తుపాకులతో గురి అభ్యాసం చేసేవారు. 1970ల్లో ఇంగ్లండులో పీటర్ పవెల్ చేసిన రెండు దారాల పటం దీనిని పిల్లల ఆటగా మార్చింది.

మేమూ ఒకటి కట్టాం. పాత గొడుగు గుడ్డను నలుపలకలుగా కోసి, గట్టి వెదురు పుల్లలు రెండు వేశాం. ముక్కు నుంచీ, రెక్క నుంచీ, తోక దగ్గర నుంచీ మూడు పోగులు తెచ్చి ఒక్కో వైపు ఒక్కో ముడి వేశాం. ఆ రెండు ముడులకూ చెరో 25 మీటర్ల సాదా దారం. కింద పొడవాటి గుడ్డ పీలిక తోక. బడి మైదానంలో వదిలామో లేదో, పటం ఎడమకు తిరిగి, తిరిగి, ముక్కు నేలలో గుచ్చుకుంది. పుల్ల విరిగింది. మళ్ళీ కట్టాం. మళ్ళీ అదే తంతు. చివరకు దారాలు కొలిస్తే కుడిదారం ఎడమదానికంటే జానెడు పొడవుంది! అంటే మేము ఏమీ చేయకపోయినా ఎడమదారాన్ని ఎప్పుడూ జానెడు లాగి పట్టుకున్నట్టే. రెండింటినీ ఒకే మేకుకు తగిలించి, లాగి, సమానం చేశాక పటం బుద్ధిగా లేచింది.

ఎడమదారం లాగితే పటం ఎడమకే ఎందుకు తిరుగుతుంది? గాలి తోపు పటం మధ్యలో పనిచేస్తుంది. చేతి లాగుడు ఇప్పుడు ఎడమ రెక్క మీద ఉంది. ఎదురెదురు బలాలు రెండు ఒకే గీత మీద లేకపోతే ఏమవుతుందో పాఠంలో చదివారు కదా, అదే బలయుగ్మం. కుడి రెక్క ముందుకు పోతుంది, ముక్కు ఎడమకు మళ్ళుతుంది. పటం తలకిందులుగా దిగుతున్నప్పుడే కొత్తవారికి చిక్కు. ఎడమదారం లాగితే అప్పుడు ముక్కు మన కుడివైపుకు పోతుంది! కంగారుపడి రెండోది లాగుతారు, పటం నేలకు కొట్టుకుంటుంది. ఎడమచేయి ఎప్పుడూ పటాన్ని గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో తిప్పుతుందని గుర్తుంచుకుంటే చాలు.

పటం ఒక గుండ్రం తిరిగితే దారాలు ఒక మెలిక పడతాయి. అయినా పనిచేస్తాయి. ఎడమదారం ఎడమ రెక్కదే కదా! నున్నని దారమైతే నాలుగైదు మెలికల దాకా ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. ఎదురుదిశలో అన్నే చుట్లు తిప్పితే విడిపోతాయి. గాజుపొడి మాంజా కడితే మాత్రం మీ రెండు దారాలూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. నైలాన్ మాంజా మాట ఎత్తనేవద్దు. అది పక్షుల రెక్కలనూ, స్కూటరు మీద పోయేవారి గొంతులనూ కోస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది.

ఇక కొత్త విన్యాసాలకు కీలకం చేతుల్లోనే కాదు, కాళ్ళలో కూడా ఉంది. గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో వీస్తోందనుకోండి. మీరు సెకనుకు 1 మీటరు చొప్పున వెనక్కి నడిస్తే పటానికి తగిలే గాలి వేగం 5 అవుతుంది. గాలి బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 16 ఉన్నది 25 అవుతుంది, అంటే ఒకటిన్నర రెట్ల పైమాట! ముందుకు నడిస్తే వేగం 3, బలం 9. సగానికి కాస్త ఎక్కువ. అందుకే పటం పడిపోయేటప్పుడు వెనక్కి నడుస్తారు, మరీ గుంజుతుంటే ముందుకు నడుస్తారు. వెనక చూడకుండా వెనక్కి నడిచే ఆట ఇది. మేడ మీద ఆడితే ప్రాణానికే ముప్పు. కరెంటు తీగలు లేని మైదానమే కావాలి.

పై రెండు కొసలకూ కింది రెండు కొసలకూ కట్టిన నాలుగు దారాల పటాలూ ఉన్నాయి. కింది దారాలు లాగితే అవి వెనక్కి కూడా ఎగురుతాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆక్సెల్ అనే విన్యాసం. తోక లేని త్రిభుజాకారపు పటాన్ని గాలి బలం తక్కువగా ఉండే అంచుకు తీసుకుపోయి నిలుపుతారు. ఒక దారాన్ని మణికట్టుతో చటుక్కున కుదిపి, వెంటనే రెండు చేతులూ ముందుకు చాచి దారాలు వదులు చేస్తారు. పటం వెల్లకిలా వాలి, గరిమనాభి చుట్టూ తిరగలిలా ఒక చుట్టు తిరుగుతుంది. మళ్ళీ లాగగానే ఎగురుతుంది. తోక అడ్డం కనుక మా గొడుగుగుడ్డ పటంతో ఇది సాగలేదు. నల్లబల్ల మీద బొమ్మ వేసి చెబుతుంటే ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడే లేచి, "అది ఢీల్ కదా సార్!" అన్నాడు.

నిజమే. మర్నాడు అతడు సాదా దారంతో రెండు పతంగులు ఎగరేసి చూసి, తిరిగిన చుట్లు నోటుపుస్తకంలో రాసుకొచ్చాడు. గాలి మందంగా ఉన్నప్పుడు, కమాన్ మరీ గట్టిగా ఉన్న పతంగి దారం లాగినా తిరుగుతూనే ఉందట. మెత్తని కమాన్‌ది సూటిగా పోయిందట. ఎందుకో మీరు చెప్పగలరా?