దున్నల్ని మింగింది ఆకలి కాదు, భూదాహం

మొన్న ఎండాకాలం అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో వ్యవసాయ కూలీల సమావేశం పెట్టాం. కూలి రేట్ల మాట అయిపోయాక ఒక పెద్దామె లేచింది. "పులి కోసం మమ్మల్ని ఊరొదిలి పొమ్మంటున్నారు నాయనా. పులి బతకాలంటే మేం పోవాలా?" అని అడిగింది. వెనక కూర్చున్న కుర్రాడొకడు అందుకున్నాడు. "ఆ జంతువులేవో పోతే పోనీ అన్నా. మనకేం నష్టం?"

పెద్దామెకు చెప్పాల్సిన జవాబు మా దగ్గరుంది, చెప్పాం. కుర్రాడి మాటకే తడుముకున్నాం. జంతువు పోతే మనిషికి నష్టం లేదా? జంతువును మాయం చేసేవాడూ, మనిషిని వెళ్ళగొట్టేవాడూ వేరువేరు మనుషులా? దీనికి జవాబు అమెరికా అడవిదున్న కథలో ఉంది. ఆ రాత్రి చెప్పడానికి పొద్దు చాల్లేదు. ఇక్కడ చెబుతున్నాం.

పిడక మొదలు గుడారం దాకా

ఉత్తర అమెరికా ఖండం నడుమ, కెనడా నుంచి టెక్సాస్ దాకా, చెట్లు పెద్దగా లేని గడ్డి మైదానాలున్నాయి. ఆ గడ్డి మీద బైసన్ అనే అడవిదున్నలు మందలు మందలుగా మేసేవి. మన పాపికొండల అడవుల్లో తిరిగే అడవిదున్నకు అది దూరపు చుట్టం. పెద్ద మూపురం, తలా భుజాలూ కప్పేసే దట్టమైన జూలు, మగదైతే ఆరడుగుల ఎత్తు, తొమ్మిది వందల కిలోల దాకా బరువు. ఇందులో రెండు ఉపజాతులు. మైదానాల్లో ఉండేది ఒకటి, కెనడా ఉత్తరాది అడవుల్లో ఉండే ఇంకాస్త పెద్దది మరొకటి. తెల్లవాళ్ళు రాకముందు మొత్తం మూడు కోట్ల నుంచి ఆరు కోట్ల దాకా ఉండేవని అంచనా.

మన చిన్ననాటి పాఠాల్లో 'రెడ్ ఇండియన్లు' అని రాసింది ఆ నేల ఆదివాసుల గురించే. లకోటా, షయాన్, కొమాంచి, కయోవా, బ్లాక్‌ఫీట్ - ఇలా ఎన్నో తెగలు. మైదానాల్లో వీళ్ళ బతుకంతా ఆ దున్న చుట్టూ అల్లుకుంది. మాంసం తిండి. తోలు గుడారం, దుప్పటి, చెప్పు. నరాలు దారం. ఎముకలు పనిముట్లు. పొట్టసంచి నీళ్ళతిత్తి. మనవైపు ఒట్టి తునకలు ఎండేసుకున్నట్టే వాళ్ళూ మాంసం ఎండబెట్టి, దంచి, కొవ్వూ అడవిపళ్ళూ కలిపి చలికాలానికి దాచుకునేవాళ్ళు. పుల్లా పుడకా దొరకని చోట ఎండిన దున్నపేడే వంటచెరకు. పిడక విలువేమిటో మన ఆడవాళ్ళకు వేరే చెప్పాలా?

ఒక మాట దాచకూడదు. ఆదివాసులూ దున్నల్ని వేటాడారు. గుర్రాలొచ్చాక ఇంకా ఎక్కువ వేటాడారు. వ్యాపారులకు తోళ్ళిచ్చి తుపాకులూ, సారాయీ తెచ్చుకున్నారు. 1840ల నాటికే కొన్నిచోట్ల మందలు పలచబడ్డాయి. అయినా అప్పటికింకా కోట్లలోనే ఉన్నాయి. ఆ కోట్లు ఒక్క తరం తిరక్కుండా ఎట్లా మాయమయ్యాయన్నదే అసలు ప్రశ్న.

తోలుకు ధర పలికింది

1869లో అమెరికా తూర్పు పడమరల్ని కలిపే రైలుదారి పూర్తయింది. 1871 ప్రాంతంలో తోళ్ళ ఫ్యాక్టరీలవాళ్ళు దున్నతోలును గట్టి తోలుగా పదును చేసే పద్ధతి కనిపెట్టారు. అప్పట్లో ఫ్యాక్టరీల్లో యంత్రాలన్నీ తోలు బెల్టులతోనే తిరిగేవి. దున్నతోలు ఆ బెల్టులకు బాగా పనికొచ్చింది. అంతే, తోలుకు గిరాకీ పుట్టింది. 1872లో డాడ్జ్ సిటీ అనే ఊరికి రైలొచ్చింది. అక్కణ్ణుంచి తోళ్ళు బళ్ళకు బళ్ళు తూర్పుకు పోయాయి.

చంపే పద్ధతి చూడండి. గాలికి ఎదురుగా, మందకు దూరంగా వేటగాడు నక్కుతాడు. మందను నడిపించే ముసలి ఆడదున్నను గురిచూసి ముందు కొడతాడు. అది కూలిపోతే మిగతావి పారిపోవు. దాని చుట్టూ చేరి నెత్తురు వాసన చూస్తూ నిలబడిపోతాయి. ఇక కదిలినదాన్నల్లా కొట్టడమే. ఉన్నచోటు నుంచి లేవకుండా పదుల కొద్దీ పడేసేవాడు. వెనకాల తోలొలిచే కూలీలు వచ్చి ఒలుచుకుపోయేవాళ్ళు. నెత్తురులో, ఈగల్లో, కుళ్ళు కంపులో వాళ్ళ పని. మాంసం మాత్రం నూటికి తొంభై పాళ్ళు అక్కడే కుళ్ళింది.

1872 నుంచి 1874 దాకా, ఆ మూడేళ్ళలో, దక్షిణాది మందలో తెల్ల వేటగాళ్ళు చంపినవే ముప్పై లక్షలకు పైగా ఉంటాయని లెక్క కట్టారు.

ఈ వేటగాళ్ళూ, తోలొలిచేవాళ్ళూ ఎవరు? ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్ళే. 1873లో అమెరికాలో బ్యాంకులు కూలి, రైలు కంపెనీలు దివాళా తీసి, పనులు పోయాయి. పని దొరకని కుర్రాళ్ళు చాలామంది తుపాకి పట్టి మైదానాలకు పోయారు. లాభం మిగిలింది తోళ్ళ వ్యాపారికీ, రైలు కంపెనీకీ. నాలుగైదేళ్ళు తిరిగేసరికి చంపడానికి దున్నా లేదు, కుర్రాళ్ళకు పనీ లేదు.

ఒప్పందంలో మెలిక

ఇంతవరకూ వ్యాపారం. ఇక సర్కారు సంగతి. 1867లో మెడిసిన్ లాడ్జ్ దగ్గర, 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర అమెరికా సర్కారు మైదానాల తెగలతో ఒప్పందాలు చేసుకుంది. కొంత ప్రాంతం తెగలకు కేటాయించింది. దాని బయట కూడా కొన్నిచోట్ల వేటాడే హక్కు ఉంటుందంది. ఎంతకాలం? వేటకు సరిపడా దున్నలు అక్కడ తిరుగుతున్నంత కాలం.

మెలిక అక్కడుంది. దున్నలు లేకపోతే వేట హక్కు లేదు. వేట హక్కు లేకపోతే ఆ నేల మీద ఆదివాసికి మాట లేదు. కాగితం మీద ఒక్క అక్షరం కొట్టెయ్యకుండానే ఒప్పందాన్ని చంపొచ్చు, దున్నను చంపితే చాలు.

ఇది మేం ఊహించి చెబుతున్నది కాదు. అప్పట్లో ఆదివాసుల వ్యవహారాలు చూసే శాఖకు మంత్రి కొలంబస్ డెలానో. మైదానాల్లో దున్నలు పూర్తిగా పోయినా తానేమంత విచారించననీ, అవి పోతే ఆదివాసులు వేట మాని నేల దున్నుకోక తప్పదనీ 1873 నివేదికలో ఆయనే రాసుకున్నాడు. 1874లో ఆడదున్నల్ని చంపకుండా కాపాడే బిల్లొకటి అమెరికా పార్లమెంటు రెండు సభల్లోనూ నెగ్గింది. అధ్యక్షుడు గ్రాంట్ దాని మీద సంతకం పెట్టలేదు. బిల్లు అట్లాగే చచ్చిపోయింది.

అదే సంవత్సరం జూన్‌లో కొమాంచి, కయోవా, షయాన్ యోధులు టెక్సాస్‌లో అడోబీ వాల్స్ అనే చోట తోలు వేటగాళ్ళ మకాం మీద దాడి చేశారు. తమ తిండిని నాశనం చేస్తున్నవాణ్ణి తరమాలని పోరాడారు, గెలవలేదు. సైన్యం దిగింది. సెప్టెంబరులో పాలో డ్యూరో లోయలో సైనికులు ఆదివాసుల గుర్రాల్ని పట్టుకుని వెయ్యికి పైగా కాల్చేశారు. తిండి పోయింది, కాళ్ళూ పోయాయి. మరుసటేడు మిగిలినవాళ్ళు లొంగిపోయారు. దక్షిణాది మంద 1879 నాటికి అయిపోయింది. ఉత్తరాది మైదానాలకు రైలు చేరాక అక్కడి మందకూ అదే గతి. 1883తో అదీ ముగిసింది.

ఎముకలు ఏరుకున్నవాళ్ళు

దున్న పోయాక ఆదివాసులు సర్కారు రేషన్ మీద పడ్డారు. చీటీ చూపిస్తే గోధుమపిండి, పశుమాంసం. సరుకు కాంట్రాక్టరు చేతిలో, చీటీ అధికారి చేతిలో. ఆ వ్యవస్థ ఎట్లా నడిచిందో రేషన్ షాపు ముందు నిలబడ్డ మనకు తెలియంది కాదు. 1883-84 చలికాలంలో మోంటానాలో బ్లాక్‌ఫీట్ తెగవాళ్ళు తిండిలేక వందల సంఖ్యలో చనిపోయారు. దున్నలు ఆఖరైన ఏడాదే ఆకలిచావులు.

మైదానాల నిండా ఎముకలు మిగిలాయి. వాటికీ ధర పలికింది. కొత్తగా భూమి చేసుకోవడానికొచ్చి పంట చేతికందని పేద రైతులూ, ఆదివాసులూ ఆ ఎముకలు ఏరి బండ్లకెత్తి రైలుస్టేషన్లకు తోలారు. టన్నుకు పది డాలర్లు కూడా దొరకని రోజులే ఎక్కువ. ఆ ఎముకలు డెట్రాయిట్, సెయింట్ లూయీ నగరాల ఫ్యాక్టరీలకు పోయి పొడై ఎరువయ్యాయి. కాలి బొగ్గై, చక్కెరను తెల్లబరిచే పనికొచ్చాయి. డెట్రాయిట్ దగ్గర ఫ్యాక్టరీలో దున్నల పుర్రెలు కొండలా పేర్చి ఉండగా 1892 ప్రాంతంలో తీసిన ఫొటో ఒకటుంది. మేమది ఒక పుస్తకంలో చూశాం. కొండ మీద ఒకడు, కింద ఒకడు నిలబడి ఉంటారు. పుర్రెల ముందు మనుషులు చీమల్లా కనిపిస్తారు.

నిన్నటిదాకా దున్న మీద బతికినవాడే నేడు దాని ఎముకలు ఏరి అమ్ముకోవాల్సి వచ్చింది. 1889లో హోర్నడే అనే శాస్త్రవేత్త లెక్క తీస్తే కెనడాతో కలిపి, బంధించి పెంచుతున్నవాటితో కలిపి, మిగిలినవి 1,091.

'మిగులు భూమి' ఎవరిది?

మరి ఇప్పుడు దున్నలు అసలు లేవా అంటే, ఉన్నాయి. ఎవరు మిగిల్చారన్నది కూడా తెలుసుకోవాలి. 1870లలో మోంటానా కొండల్లో సాలిష్, పెండొరాయ్ తెగలకు చెందిన లతాతి అనే ఆయన తల్లులు పోయిన దూడల్ని కొన్నింటిని కొండలు దాటించి ఇంటికి తోలుకొచ్చాడని ఆ తెగలవాళ్ళు చెబుతారు. ఆ కొద్ది దున్నల్ని 1880లలో మిషెల్ పాబ్లో, ఛార్లెస్ అలార్డ్ అనే ఇద్దరు కొని పెంచారు. పాబ్లో తల్లి బ్లాక్‌ఫీట్ ఆదివాసి. తెగల ఉమ్మడి భూమిలో మేసి ఆ మంద వందల్లోకి పెరిగింది.

ఇంతలో 1904లో ఆ తెగల ప్రాంతానికి కొత్త చట్టమొచ్చింది. ఆదివాసులకు తలా ఇంత ముక్క పంచి, మిగిలిందంతా 'మిగులు భూమి' అని బయటివాళ్ళకు ఇవ్వాలన్నారు. మన దగ్గర మిగులు భూమి అంటే సీలింగు దాటి భూస్వామి దగ్గరున్నది, పేదలకు పంచాల్సింది. అక్కడ పేదల ఉమ్మడి భూమికే ఆ పేరు పెట్టి గుంజుకున్నారు. మాట ఒకటే. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి అర్థం తిరగబడింది.

మేత నేల పోతుంటే పాబ్లో మందను అమ్ముకోక తప్పలేదు. కొనడానికి అమెరికా పార్లమెంటు డబ్బివ్వలేదు. కెనడా కొంది. 1907 నుంచి 1912 దాకా ఏడు వందలకు పైగా దున్నల్ని రైళ్ళకెత్తి తీసుకుపోయింది. మరోపక్క అమెరికా సర్కారు 1908లో అదే తెగల నేలలో సుమారు 18,800 ఎకరాలు తీసుకుని కంచె వేసి, జాతీయ దున్నల రక్షణ క్షేత్రమంది. అందులో తెచ్చి వదిలిన దున్నలు చాలామటుకు పాబ్లో, అలార్డ్ మంద సంతతే. దున్నను కాపాడినవాడు కంచె బయట ఉండిపోయాడు.

కెనడా సర్కారు చేసిన నిర్వాకమూ తక్కువది కాదు. తన మంద పెరిగి మేత చాలకపోయేసరికి 1925-28 మధ్య 6,600కు పైగా మైదానపు దున్నల్ని ఉత్తరాది అడవిలోకి తోలింది. వద్దని జంతుశాస్త్రజ్ఞులు చెప్పినా వినలేదు. వాటితోపాటు క్షయ రోగమూ పోయింది. రెండు ఉపజాతులూ కలిసిపోయాయి. ఉత్తరాది ఉపజాతి అంతరించిందనే అనుకున్నారు. 1957లో ఒక మారుమూల చిన్న మంద కనబడబట్టి అది నిలిచింది.

సాలిష్, కూటెనాయ్ తెగలు తమ నేల కోసం తరాలపాటు కొట్లాడాయి. తగిన పరిహారం ఇవ్వకుండానే తీసుకున్నారని 1971లో కోర్టు తేల్చింది. చివరికి 2020 డిసెంబరులో చట్టం చేసి ఆ క్షేత్రాన్ని తెగలకు తిరిగిచ్చారు. నూటపన్నెండేళ్ళు పట్టింది. దున్నల్ని ఇప్పుడు వాళ్ళే చూసుకుంటున్నారు. ఇతర తెగలూ 1992లో ఒక సంఘం పెట్టుకుని తమ నేలల మీదికి దున్నల్ని మళ్ళీ తెచ్చుకుంటున్నాయి. ఇవాళ ఉత్తర అమెరికాలో దాదాపు ఐదు లక్షల దున్నలున్నాయి. ఎక్కువభాగం మాంసం కోసం ప్రైవేటు యజమానులు పెంచుతున్నవే. 2016లో అమెరికా దాన్ని తమ జాతీయ క్షీరదంగా కూడా ప్రకటించుకుంది.

కుర్రాడికి మా జవాబు

జంతువు పోతే మనకేం నష్టం అన్న తమ్ముడికి మేం చెప్పేది ఇదే. అక్కడ దున్న పోయిన దారినే మనిషి భూమీ పోయింది. ముందు జంతువును చంపి మనిషిని ఆకలికి లొంగదీశారు. తర్వాత జంతువును కాపాడతామంటూ మిగిలిన నేల తీసుకున్నారు. రెండుసార్లూ నష్టపోయింది ఆ మనిషే. కాబట్టి పులి పోతే పోనీ అనకు. నల్లమలలో చెంచులు తరతరాలుగా పులి తిరిగే అడవిలోనే బతికారు. పులి అక్కడ ఇంకా ఉంది. మనిషి ఉంటే పులి ఉండదు అనేవాడికి ఆ అడవే జవాబు.

పెద్దామెకు మరోసారి గుర్తుచేస్తున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, అడవి మీద హక్కుదారులైన ఆదివాసుల్నీ, అడవి మీద బతికే ఇతర పేదల్నీ వన్యప్రాణుల కోసం తరలించాలంటే ముందు వాళ్ళ హక్కులు తేల్చి గుర్తించాలి. అన్నీ తెలిసి, బలవంతం లేకుండా గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట చెల్లదు. ఒకరిద్దరి వేలిముద్రలు గ్రామసభ కాదు.

ఆ ఒప్పందాల్లోని ఒక్క వాక్యం మైదానాల తెగలకు ఏం తెచ్చిపెట్టిందో చూశాం. అందుకే ఏ కాగితమైనా పైకి చదివించుకుని, అర్థమయ్యేదాకా అడిగి, ఆ తర్వాతే వేలు పెట్టాలి. గ్రామసభ పెట్టిన రోజు కూలి పోయినా సరే, ఆడా మగా అందరూ వచ్చి కూర్చోవాలి. మేమూ వస్తాం.