పొల్లుతో మొదలయ్యే ఇంగ్లీషు చదువు

అక్షరం పేరుకన్నా ముందు అది పలికే శబ్దాన్ని పరిచయం చేసి, శబ్దాలను ఒకదానితో ఒకటి కలుపుతూ పదం చదివించే పద్ధతే ఫోనిక్స్. హైదరాబాద్ ప్రాంతంలోని దమ్మాయిగూడ, నాగారం, కుషాయిగూడ, నాచారం, ఉప్పల్ కాలనీల్లో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలున్న ఇళ్లకు ఈ మాట కొత్త కాదు. అయితే తెలుగు ఇంట్లో పుట్టి తెలుగు వింటూ పెరిగిన నాలుగేళ్ల పిల్లకు దీన్ని నేర్పే తీరు, లండన్‌లో పుట్టిన పిల్లకు నేర్పే తీరు ఒకటి కావు. తెలుగు లిపి ఈ పిల్లకు కొన్నిచోట్ల దారి సుగమం చేస్తుంది, కొన్నిచోట్ల అడ్డం పడుతుంది. రెండూ తెలిసిన టీచరు చేతిలో చదువు త్వరగా పడుతుంది.

తెలుగులో అక్షరం పేరు, అది పలికే శబ్దం ఒక్కటే. 'మ' పేరూ 'మ', పలుకూ 'మ'. ఇంగ్లీషులో అలా కాదు. 'డబ్ల్యూ' అనే పేరులో ఆ అక్షరం పలికే శబ్దమే లేదు. 'ఎయిచ్' అనే పేరు 'హ్యాట్' చదవడానికి ఏమాత్రం సాయపడదు. "సీ ఏ టీ క్యాట్" అని తరగతంతా గొంతు కలిపి చదివినప్పుడు పిల్లలు పదాన్ని చదవడం లేదు, పాటలా గుర్తు పెట్టుకుంటున్నారు. రేపు అదే పిల్ల ముందు 'ట్యాక్' అనే పదం పెడితే నోరు పెగలదు. 26 అక్షరాలతో సుమారు 44 శబ్దాలు పలికించే భాషలో ప్రతి పదాన్నీ బొమ్మలా గుర్తుంచుకోవడం ఏ పిల్లకూ సాధ్యం కాదు.

పేర్లు వదిలి శబ్దాలతో మొదలుపెట్టినా తెలుగు టీచరుకు ఒక చిక్కు మిగిలే ఉంటుంది. మన హల్లు ఒంటరిగా ఉండదు, 'అ'ను కలుపుకునే పలుకుతుంది. 'పిన్' నేర్పుతూ "ప, ఇ, న" అని విడదీస్తే, ఆ మూడూ ఎంత వేగంగా కలిపినా "పఇన" అవుతుందే తప్ప 'పిన్' కాదు. దీనికి మందు తెలుగులోనే ఉంది. అదే పొల్లు. "ప్, ఇ, న్" అని విడదీస్తే 'ప్'కు 'ఇ' చేరి 'పి' అవుతుంది, దాని వెనక 'న్' వచ్చి నిలుస్తుంది. గుణింతం చేసే పని సరిగ్గా ఇదే. ఫోనిక్స్‌లో బ్లెండింగ్ అని పిలిచేదాన్ని మన పిల్లలు తరతరాలుగా పలక మీద గుణింతం పేరుతో చేస్తూనే ఉన్నారు. ఇంగ్లీషు టీచరూ తెలుగు టీచరూ కూర్చుని మాట్లాడుకుంటే చాలు, రెండు పీరియడ్ల పాఠం ఒక్కటవుతుంది.

రెండో అడ్డంకి పదం చివర ఎదురవుతుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ 'బస్సు' అయింది, బ్యాగ్ 'బ్యాగు' అయింది, కార్ 'కారు' అయింది. "బ్, అ, స్" అని విడివిడిగా సరిగానే పలికిన పిల్ల చివరికి "బస్సు" అని కలుపుతుంది. ఇది తప్పు కాదు, నోటి అలవాటు. దానికి చీవాట్లు పెట్టడం అన్యాయం. 'స్' లాంటి శబ్దాన్ని పాము బుసలా సాగదీయించి, అక్కడే ఆపడం నేర్పితే మెల్లగా అలవడుతుంది. స్, మ్, న్, ఫ్ లాంటివి ఊపిరి ఉన్నంతసేపు సాగుతాయి కాబట్టి కలపడం తేలిక. ప్, ట్, క్ సాగవు, ఠక్కున తెగిపోతాయి. కాబట్టి తొలి పదాలు సాగే శబ్దంతో మొదలైతే పిల్లకు తేలికగా అందుతాయి.

ఇక 'క్యాట్', 'ఫ్యాన్' పదాల నడుమ ఉన్న అచ్చు. దీనికి తెలుగులో విడిగా అక్షరం లేదు గానీ శబ్దం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో దీన్ని గుర్తించారు. మేకను "మ్యాక" అనే నాయనమ్మ మాట వింటూ పెరిగిన తెలంగాణ పిల్లకు ఈ శబ్దం పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఆ మాటను మొరటని ఈసడించకుండా, "మ్యాకలో ఉన్నదే క్యాట్‌లోనూ ఉంది" అని చూపించే టీచరు సగం పని అక్కడే ముగిస్తుంది.

అక్షరాల జోలికి పోకముందే చెవిని సిద్ధం చేయాలి. మాటలో ముక్కలుంటాయని, ఆ ముక్కలను విడదీసి మళ్లీ కలపొచ్చని పిల్లకు తెలియాలి. చెమ్మచెక్క, కాళ్ళాగజ్జ లాంటి ఆటలు ఈ పనే చేస్తాయి. అంత్యాక్షరి ఆడే పిల్ల మాట చివరి అక్షరాన్ని పట్టుకుంటుంది. ప్రతి అక్షరానికి ముందూ 'క' చేర్చి, "నువ్వు"ను "కనుకవ్వు" అని పలికే క-భాష పిల్లల రహస్య భాష. అందులో ఆరితేరిన పిల్లకు మాటను ముక్కలు చేయడం ఎవరూ నేర్పనక్కరలేదు. తెలుగు పిల్లలు అక్షరం స్థాయిలో ముక్కలను ఇలా సులువుగా పట్టేస్తారు. 'క'లోపల మళ్లీ 'క్', 'అ' ఉన్నాయని గ్రహించడానికి మాత్రం కొంత సమయం కావాలి. ఆ సమయాన్ని ఇవ్వడమే మంచి ఎల్‌కేజీ టీచరు పని.

శబ్దాల వరుసకూ లెక్క ఉంది. 1990ల మొదట్లో ఇంగ్లండ్‌లో వెలువడి ఇక్కడికీ చేరిన జాలీ ఫోనిక్స్ 42 శబ్దాలు నేర్పుతుంది. అవి ఏబీసీడీల క్రమంలో ఉండవు. ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్ ముందు వస్తాయి. ఆ ఆరింటితోనే ట్యాప్, పిన్, టిన్, న్యాప్, సిట్ లాంటి పదాలు బోలెడన్ని పుడతాయి కాబట్టి పిల్ల కొద్ది రోజుల్లోనే సొంతంగా చదువుతుంది. 'ది', 'వాజ్', 'సెడ్' లాంటి లొంగని మాటలను మాత్రం చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. 'బట్', 'పుట్' రెంటిలోనూ ఒకే అక్షరం రెండు రకాలుగా పలికే తికమకను యూకేజీ పిల్ల మీద రుద్దనక్కరలేదు, దానికి పై తరగతులున్నాయి.

స్కాట్లండ్‌లోని క్లాక్‌మనన్‌షైర్‌లో రోనా జాన్‌స్టన్, జాయిస్ వాట్సన్ శబ్దాలను కలిపి చదివించే ఫోనిక్స్ పద్ధతిలో చదివిన పిల్లలను ఏడేళ్లపాటు గమనించి 2005లో నివేదిక ఇచ్చారు. ప్రాథమిక చదువు ముగిసేసరికి ఆ పిల్లలు పదాలు చదవడంలో తమ వయసుకు మూడున్నరేళ్లు ముందున్నారు. చదివింది అర్థం చేసుకోవడంలో ఉన్న ముందంజ మాత్రం మూడున్నర నెలలే. తల్లిదండ్రులు ఈ రెండో అంకెను మరవకూడదు. 1986లోనే గఫ్, టన్మర్ అనే పరిశోధకులు ఈ సంగతిని సూత్రంగా చెప్పారు. చదవడమంటే అక్షరాన్ని విప్పగలగడం, భాష అర్థం కావడం. వీటిని గుణించాలి, కూడితే చాలదు. రెంటిలో ఒకటి సున్నా అయితే ఫలితం సున్నాయే.

దమ్మాయిగూడ లాంటి చోట ఈ సూత్రం రోజూ రుజువవుతుంది. ఈసీఐఎల్, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామిక వాడల వల్ల ఈ వైపు పలు జిల్లాల, పలు రాష్ట్రాల కుటుంబాలు స్థిరపడ్డాయి. ఒకే తరగతిలో తెలుగు, హిందీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఇంట్లో ఉర్దూ అక్షరాలు దిద్దే పిల్ల చెయ్యి కుడి నుంచి ఎడమకు నడిచి వస్తుంది, ఆ సంగతి టీచరుకు తెలిసి ఉండాలి. 'హెన్' అని తప్పు లేకుండా చదివిన పిల్లకు అది కోడిపెట్ట అని తెలియకపోతే ఆ చదువు గొంతు దాటలేదు. "కోడిపెట్ట", "ముర్గీ" అని ఇంటి భాషలో ఒక్క మాట చెప్పడం ఇంగ్లీషు మీడియానికి ద్రోహం కాదు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా నోటి మాట, పదాన్ని విప్పడం, చదవడం, రాయడం నాలుగూ రోజూ కలిసి సాగాలనే చెప్పింది.

తెలుగు చదవడానికి మరో రకం ఓపిక కావాలి. శబ్దానికీ అక్షరానికీ పొంతన నికార్సుగా ఉన్నా, అచ్చులు, హల్లులు, గుణింతాలు కలిపితే రూపాలు నాలుగు వందలు దాటుతాయి, వాటి మీద మళ్లీ ఒత్తులు. తెలుగుకు తోబుట్టువైన కన్నడ లిపి మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, పిల్లలు అక్షరాలన్నీ పట్టుకోవడానికి నాలుగో తరగతి దాకా పడుతుందని చూపింది. మన పిల్ల యూకేజీలోనే ఒత్తులు తప్పుతోందని బెంగపడటం అనవసరం. మ-య-వ, ప-ఫ-ష, ద-ధ-థ లాంటి పోలికల అక్షరాలను ఒకే వారం నేర్పకుండా ఎడంగా ఉంచితే తికమక సగం తగ్గుతుంది. వరుసగా అఆలు దిద్దించడం కన్నా 'వల', 'తల', 'పలక' లాంటి తెలిసిన మాటల్లోంచి అక్షరాన్ని బయటికి తీయడం పిల్లకు రుచిస్తుంది.

ఈ వయసులో పిల్లల మీద ఎక్కువ ఒత్తిడి పెట్టేది రాతే. నర్సరీ పిల్ల చేతి వేళ్లు ఇంకా కుదురుకోలేదు. స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్ అంటూ పేజీలు నింపించే ముందు ఆ వేళ్లకు బలం రావాలి. చింతగింజలు ఏరడం, పిండి ముద్ద పిసకడం, ముగ్గు చుక్కలు కలపడం, బఠాణీలు ఒలవడం అన్నీ రాతకు పునాదులే. బాసరలో అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో దిద్దించడంలో ఒక ఇంగితం ఉంది. వేలు ముందు, బలపం తర్వాత, పెన్సిలు ఆఖరున. ఇంగ్లీషు అక్షరాలు గీతలతో, తెలుగువి సున్నాలతో మొదలవుతాయి కాబట్టి చేతికి రెండు రకాల సాధన కావాలి. బి, డి తిరగేసి రాయడం ఆరేడేళ్ల వరకు మామూలే, దానికి బెదరాల్సిన పని లేదు. నాలుగు గీతల కాపీలో యూకేజీలోనే కర్సివ్ రాయించే తొందర మాత్రం మానుకోవాలి. విడి అక్షరమే నిలవని చేతికి గొలుసు రాత బరువు.

చదువు నిలవాలంటే పుస్తకం కూడా చేతిలో ఉండాలి. నాచారం పక్కనే తార్నాకలో ఉన్న మంచి పుస్తకం సంస్థ బొమ్మల కథలు తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఫోనులోనే ఉచితంగా చదవొచ్చు. ఈసారి అడ్మిషనుకు వెళ్లే తల్లిదండ్రులు "మా పాప ఎన్ని పేజీలు రాస్తుంది?" అని కాకుండా "రోజూ ఎంతసేపు కథ చెబుతారు, శబ్దాలను ఏ భాషలో వివరిస్తారు?" అని టీచరును అడగండి. ఇంటికొచ్చాక, హోంవర్క్ తీయకముందే, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక కథ చదివి వినిపించండి.